లండన్ ప్రింటర్లను ఓడించింది కంప్యూటర్ కాదు

ప్రింటింగ్ కార్మికుల యూనియన్ల గురించి ఎక్కడ మాట వచ్చినా చివరికి ఒకే కథ చెబుతారు. సీసం అక్షరాల రోజుల్లో వాటిని కూర్చే కంపోజిటర్లదే రాజ్యమని, కంప్యూటర్ వస్తే దానికి అడ్డం పడ్డారని, అందుకే కొట్టుకుపోయారని. సాక్ష్యంగా 1986లో లండన్‌లో రూపర్ట్ మర్డాక్ పత్రికల ప్రింటర్లు చేసిన వాపింగ్ సమ్మెను చూపిస్తారు. ఇప్పుడు ఏఐ వల్ల ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్ పడేవాళ్ళకు కూడా ఇదే కథ చెప్పి నోరు మూయిస్తున్నారు. "ప్రింటర్లు ఏమయ్యారో చూశారుగా" అని.

నాకు ఈ చరిత్ర మీద ఆసక్తి ఉంది, దానికి ఇంటి కారణం కూడా ఉంది, అది తరువాత చెబుతాను. చదివేకొద్దీ ఈ కథ తప్పని నాకు నమ్మకం కుదిరింది. బ్రిటన్ ప్రింటర్లు యంత్రాన్ని చూసి పారిపోయిన వాళ్ళు కారు. తరాల తరబడి ఒక్కో కొత్త యంత్రాన్నీ బేరమాడి, తమ షరతుల మీద ప్రెస్సులోకి రానిచ్చారు. వాళ్ళ ఓటమిలో యజమాని పన్నాగం ఉంది, ప్రభుత్వం చేసిన చట్టాలు ఉన్నాయి. వాటితోపాటు వాళ్ళు తమకు తాము చేసుకున్నది ఒకటుంది. మనవాళ్ళు ఎవరు, బయటివాళ్ళు ఎవరు అని యూనియనే గీసిన గీత. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

లండన్ ప్రెస్సుల్లో కార్మికుల కట్టు ఫ్యాక్టరీల కాలం కంటే పాతది. ప్రతి ప్రెస్సునూ చాపెల్ అనడం ఎప్పటినుంచో ఉన్న ఆచారమని, అక్కడ పనిచేసే వాళ్ళందరూ అందులో సభ్యులని, వాళ్ళలో పెద్దవాణ్ణి ఫాదర్ ఆఫ్ ది చాపెల్ అంటారని జోసెఫ్ మాక్సన్ 1683లోనే రాశాడు. తాగి వచ్చినా, కొట్టుకున్నా, బూతులు తిట్టినా, రాత్రి కొవ్వొత్తి ఆర్పకుండా వెళ్ళినా చాపెల్ జరిమానా వేసేది. యజమాని వేసే జరిమానా కాదు, తోటివాళ్ళు వేసేది. మూడు వందల ఏళ్ళ తరువాత వాపింగ్ గేటు ముందు నిలబడ్డ వాళ్ళు కూడా తమ నాయకులను ఫాదర్ ఆఫ్ ది చాపెల్ అనే పిలిచారు. ఇంత కాలం నిలిచిన కార్మిక వ్యవస్థలు లోకంలో ఎక్కువ లేవు.

1785లో కంపోజిటర్ల కోరికల మీద లండన్ యజమానులు ఒక రేట్ల పట్టికకు ఒప్పుకున్నారు. వెయ్యి అక్షరాలు కూరిస్తే ఇంత, కష్టమైన మ్యాటర్ అయితే ఇంత అదనం అని లెక్క. కానీ 1799, 1800లో వచ్చిన చట్టాలు కార్మికులు కలిసి జీతం అడగడాన్నే నేరం చేశాయి. 1810లో టైమ్స్ పత్రిక కంపోజిటర్ల మీద కుట్ర కేసు పెట్టి, తొమ్మిది నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలుశిక్షలు వేశారు. జీతం పెంచమని కలిసి అడగడమే వాళ్ళు చేసిన కుట్ర. ఆ చట్టాలు 1824లో రద్దయ్యాక సంఘాలు పైకి వచ్చాయి. 1848లో లండన్ సొసైటీ ఆఫ్ కంపోజిటర్స్, ఆ మరుసటి ఏడాది ఇతర పట్టణాల వాళ్ళ సంఘం, 1853లో స్కాట్లాండ్ సంఘం ఏర్పడ్డాయి.

ఈ సంఘాలు చందా డబ్బుతో చేసిన పనులు చూస్తే గౌరవం కలుగుతుంది. అప్పటికి ప్రభుత్వ పింఛను లేదు, నిరుద్యోగ భృతి లేదు. పని లేని రోజులకు భత్యం, ముసలివాళ్ళకు పింఛను, చనిపోతే అంత్యక్రియల ఖర్చు అన్నీ సంఘమే చూసేది. పని దొరకని కంపోజిటర్ సంఘం కార్డు పట్టుకుని ఊరి నుంచి ఊరికి నడిచి వెళ్తే, ప్రతి ఊళ్ళో అక్కడి శాఖ వాళ్ళు రాత్రికి పడక, దారి ఖర్చుకు కొన్ని పెన్నీలు ఇచ్చేవారు. పని ఉంటే చూపించేవారు. అలా నడుస్తూ తిరగడం కష్టమే. అయినా ఆ కార్డు ఉన్నవాడు తక్కువ కూలికి ఒప్పుకోవాల్సిన పని లేదు. సంఘం ఇచ్చిన అసలు బలం అదే. 1868లో మాంచెస్టర్‌లో బ్రిటన్ యూనియన్లన్నిటినీ ఒక సభకు పిలిచి ట్రేడ్స్ యూనియన్ కాంగ్రెస్‌ను మొదలుపెట్టిన శామ్యూల్ నికల్సన్, విలియం వుడ్ ఇద్దరూ అచ్చుపని వాళ్ళే.

ఇంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? ప్రెస్సులోకి ఎవరు రావాలో తామే నిర్ణయించడం నుంచి వచ్చింది. ఏడేళ్ళు అప్రెంటిస్‌గా ఉంటేనే కంపోజిటర్. ఇంతమంది పనివాళ్ళకు ఇంతమంది అప్రెంటిస్‌లే అని హద్దు. సంఘం కార్డు లేనివాడు అక్షరాలు కూర్చే స్టిక్కు పట్టకూడదు. ఈ నియమాలు ఉత్త గర్వంతో పెట్టినవి కావు. లండన్‌లో అచ్చుపని పార్లమెంటు సమావేశాల మీద, పుస్తకాల సీజన్ మీద ఆధారపడి ఉండేది. సీజన్ అయిపోతే వందల మంది ఖాళీ. పైగా చాలామంది యజమానులు పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుని, సగం కూలితో పూర్తి పని చేయించుకుని, గడువు తీరగానే బయటికి పంపి మళ్ళీ కొత్త పిల్లలను తెచ్చుకునేవారు. తలుపు దగ్గర కాపలా లేకపోతే ఆ పట్టికలో రాసుకున్న రేటు ఒక్క ఏడాది కూడా నిలిచేది కాదు. వాళ్ళ స్థానంలో నేనున్నా ఆ తలుపు కాపలా కాసేవాణ్ణే. కాపలా తప్పని నేను అనడం లేదు. ఎవరిని బయట నిలబెట్టారన్నదే నా గొడవ.

ముందు యంత్రం సంగతి తేల్చుకుందాం. 1886లో ఆట్మార్ మెర్గెంథాలర్ చేసిన లైనోటైప్ న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో పనిలోకి వచ్చింది. కీబోర్డు మీద కొడితే ఒక లైను మొత్తం సీసంలో పోత పోసి ఇస్తుంది. చేత్తో కూర్చే నలుగురైదుగురి పని ఒక్కరు చేయగలరు. మూడు నాలుగేళ్ళలో అది ఇంగ్లండ్ చేరింది. కంప్యూటర్ కథ నిజమైతే, యూనియన్ అప్పుడే చావాలి. చావలేదు. లైనోటైప్ మీద కూర్చునేది తర్ఫీదు పొందిన కంపోజిటరే కావాలని పట్టుబట్టింది. కొత్త యంత్రానికి కొత్త రేట్ల పట్టిక రాయించుకుంది. పెరిగిన ఉత్పత్తిలో వాటా అడిగింది. అదే సమయంలో పత్రికల పేజీలు పెరిగాయి, పాఠకులు పెరిగారు. లైనోటైప్ ఆపరేటర్ దేశంలోకెల్లా మంచి జీతం తీసుకునే కార్మికుల్లో ఒకడయ్యాడు. యంత్రం పనివాణ్ణి మింగుతుందా, పనివాడి చేతిలో పనిముట్టు అవుతుందా అన్నది బేరంలోనే తేలుతుందని ఆ ఒక్క ఉదాహరణ చెబుతుంది. తరువాత సీసం బదులు ఫిల్ము మీద అక్షరాలు కూర్చే ఫోటో కంపోజింగ్ వచ్చినప్పుడు కూడా చాలా ఊళ్ళలో ఇలాగే ఒప్పందాలు కుదిరాయి.

అయితే ఆ కీబోర్డు ముందు ఆడవాళ్ళు కూర్చోబోయినప్పుడు ఇదే సంఘం వేరే ముఖం చూపించింది.

1860లో ఎమిలీ ఫెయిత్‌ఫుల్ లండన్‌లో విక్టోరియా ప్రెస్ పెట్టి ఆడపిల్లలకు కంపోజింగ్ నేర్పించింది. మగ కంపోజిటర్లు తీవ్రంగా వ్యతిరేకించారు. 1886లో జరిగిన అచ్చుపని సంఘాల సమావేశం చేసిన తీర్మానం చూడండి. ఆడవాళ్ళకు ఈ పని చేసే శారీరక శక్తి లేదని మా గట్టి అభిప్రాయం, అయినా మగవాళ్ళ రేటే ఇస్తే సభ్యత్వం ఇవ్వవచ్చు అని దాని సారాంశం. పైకి సమానత్వంలా ఉంది. ఆచరణలో మాత్రం, ఏడేళ్ళ అప్రెంటిస్‌షిప్‌కు చేర్చుకోని వాళ్ళకు పూర్తి రేటు ఇచ్చే యజమాని ఎవరు? లండన్ సొసైటీలో 1892లో ఒకే ఒక్క స్త్రీ చేరింది. చాలా ఏళ్ళు ఆమె ఒక్కతే.

ఎడిన్‌బరో కథ ఇంకా లోతైనది. అది పుస్తకాల అచ్చుకు పేరున్న ఊరు. 1872, 73లో అక్కడి మగ కంపోజిటర్లు సమ్మె చేసినప్పుడు యజమానులు ఆడపిల్లలను తెచ్చి పని నేర్పారు. సమ్మె ఓడిపోయింది. ఆడవాళ్ళు ఉండిపోయారు, తక్కువ కూలికి. నలభై ఏళ్ళలో వాళ్ళు వందల సంఖ్యకు చేరారు. పెద్ద పెద్ద పుస్తకాలు వాళ్ళ చేతుల మీదుగా అచ్చయ్యాయి. ఇంతలో ఒక్కో అక్షరాన్నీ విడిగా పోత పోసే మోనోటైప్ యంత్రాలు వస్తే వాటి కీబోర్డుల మీద కూడా వాళ్ళనే కూర్చోబెట్టారు. 1910లో మగవాళ్ళ సంఘం తిరగబడింది. ఇకమీదట కొత్తగా ఆడపిల్లలను చేర్చుకోకూడదని, కొత్త కీబోర్డులు మగవాళ్ళకే ఇవ్వాలని అడిగింది. ఆడవాళ్ళలో కొందరు మగవాళ్ళ పక్షం వహించారు. ఎక్కువమంది మాత్రం మా పని మాకు కావాలని సంతకాలు పెట్టి విన్నపం ఇచ్చారు. చివరికి 1916 దాకా కొత్త ఆడపిల్లలను తీసుకోకూడదని ఒప్పందం అయింది. గడువు దాటాక కూడా తలుపు తెరుచుకోలేదు. అప్పటికే ఉన్నవాళ్ళు ఒక్కొక్కరుగా వయసు మీరి తప్పుకున్నారు. ఎడిన్‌బరో మహిళా కంపోజిటర్ అనే మనిషే లేకుండా పోయింది.

మగవాళ్ళ భయం అబద్ధం అనను. సగం కూలికి పనిచేసేవాళ్ళు పక్కన ఉంటే పూర్తి కూలి నిలవదు. కానీ ఆ సగం కూలిని నిర్ణయించింది ఆ ఆడపిల్లలు కాదు కదా. కూలిని సమానం చేయమని పోరాడే దారి ఒకటుంది, మనిషిని తీసేయమని అడిగే దారి ఒకటుంది. అక్కడ సంఘం రెండో దారి పట్టింది.

దీన్ని నేను పుస్తకాల్లో చదవడానికి ముందే మా ఇంట్లో చూశాను. మా నాన్న విజయవాడ గవర్నరుపేటలో ఒక జాబ్ ప్రెస్సులో కంపోజిటర్. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. తెలుగు కంపోజింగ్ ఇంగ్లీషులా ఇరవై ఆరు అక్షరాలతో అయ్యేది కాదు. గుణింతాలకు, వత్తులకు విడివిడిగా గడులు, ఎదురుగా నిలబెట్టిన కేసుల్లో వందల గడులు. చూడకుండానే చెయ్యి ఆ గడిలోకి వెళ్ళాలి. పని అయ్యాక ఫారం, అంటే కట్టిపెట్టిన అక్షరాల పేజీ, విప్పి ప్రతి అక్షరాన్నీ తిరిగి దాని గడిలో వేయాలి. మా నాన్నకు బడి చదువు తక్కువ, కానీ ఒక్క వత్తు తప్పిపోనిచ్చేవాడు కాదు. ప్రూఫు చూసే మాస్టార్లే ఆయన్ని అడిగేవారు.

తొంభైల్లో ఓనరు కంప్యూటర్ కొన్నాడు. డీటీపీ నేర్చుకున్న ఒక అమ్మాయిని పెట్టుకున్నాడు. నాన్నకు ఇచ్చే జీతంలో సగం కంటే కాస్త ఎక్కువ ఆమె జీతం. సీసం అంతా కాటాకు వేసి అమ్మేశారు. నాన్నను కొన్నాళ్ళు బైండింగు దగ్గర కూర్చోబెట్టి, తరువాత రావద్దన్నారు. చేతిలో పెట్టింది ఆ నెల జీతం మాత్రమే. నోటీసు లేదు, గ్రాట్యుటీ మాట ఎత్తినవాడు లేడు. నాన్న కోపమంతా ఆ అమ్మాయి మీద. "ఆ పిల్ల వచ్చి నా అన్నం తీసేసింది" అని ఎంతోమందికి చెప్పాడు. ఆ పిల్లేమో ప్రెస్సులో ఉన్నన్నాళ్ళూ "బాబాయిగారూ, దీనికి ఒత్తు ఉంటుందా" అని ఆయన్నే అడిగేది. ఆయన కోపంగానే చెప్పేవాడు, కానీ తప్పు చెప్పలేదు ఎప్పుడూ. ఆ ఇద్దరూ కలిసి ఓనరు దగ్గరికి వెళ్ళి "ప్రూఫు ఈయన చూస్తాడు, టైపు నేను కొడతాను, ఇద్దరికీ ఇంత ఇవ్వండి" అని అడిగి ఉండవచ్చు. అడగమని చెప్పే సంఘం అక్కడ లేదు. అదే పేటలో పది అడుగులకొక ప్రెస్సు ఉండేది, అన్నిటిలోనూ ఇదే కథ నడిచింది, అయినా ఒక ప్రెస్సు కంపోజిటర్‌కు పక్క ప్రెస్సు కంపోజిటర్‌తో టీ కొట్టు దగ్గర తప్ప వేరే సంబంధం లేదు.

అందుకే లండన్ సంఘాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. సంఘం ఉండి తప్పు చేయడం, అసలు సంఘమే లేకపోవడం రెండూ ఒకటి కావు. మా నాన్నకు లండన్ కంపోజిటర్‌కు దక్కిన దాంట్లో పదో వంతు కూడా దక్కలేదు.

గీతకు బయట ఉన్నవాళ్ళు ఆడవాళ్ళు మాత్రమే కాదు. ప్రెస్సులో కాగితం మోసేవాళ్ళు, మిషనుకు కాగితం అందించేవాళ్ళు, సిరా తుడిచేవాళ్ళు కంపోజిటర్ల దృష్టిలో వృత్తి తెలిసినవాళ్ళు కారు, కూలీలు. వాళ్ళు 1889లో సొంత యూనియన్ పెట్టుకున్నారు. అదే తరువాత నాట్సోపా అయింది. చరిత్రలో ఒక పెద్ద మలుపు వాళ్ళ చేతుల మీదుగానే జరిగింది. 1926 మే 2 రాత్రి డైలీ మెయిల్ కార్యాలయంలో నాట్సోపా సభ్యులు, గని కార్మికులకు మద్దతుగా జరగబోయే సమ్మెను దేశద్రోహంలా చూపిస్తూ రాసిన సంపాదకీయాన్ని అచ్చు వేసేది లేదని పని ఆపేశారు. మిగతా చాపెళ్ళూ వాళ్ళతో నిలిచాయి. ప్రధాని బాల్డ్విన్ ప్రభుత్వం దాన్ని సాకుగా చూపి యూనియన్లతో చర్చలు తెంచుకుంది. మరుసటి రాత్రి నుంచి సార్వత్రిక సమ్మె. సంపాదకుడు రాసింది నచ్చకపోతే అచ్చు ఆపే హక్కు కార్మికుడికి ఉండాలా అన్నది తేలికైన ప్రశ్న కాదు. పత్రికా స్వేచ్ఛ ముఖ్యమే. కానీ తన కడుపు కొట్టే మాటను తన చేతులతో అచ్చు వేయాల్సిన మనిషి ఆ రాత్రి ఏమి అనుభవించాడో నేను ఊహించగలను. వాళ్ళను తప్పుపట్టలేను.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత, లండన్ పత్రికలకు నెలవైన ఫ్లీట్ స్ట్రీట్‌లో యూనియన్లకు తిరుగులేని పట్టు దొరికింది. కారణం సులువే. ఈ రాత్రి అచ్చు కాని పేపరు రేపు ఎవరూ కొనరు. బట్టల మిల్లు ఒకరోజు ఆగితే బట్ట మర్నాడు నేయవచ్చు. పేపరు ఆగితే ఆ రోజు అమ్మకం, ఆ రోజు ప్రకటనల డబ్బు రెండూ పోతాయి, పక్క పత్రిక మన పాఠకులను లాగేసుకుంటుంది. అందుకని ఓనర్లు ఏది అడిగినా ఒప్పుకునేవారు. కొత్త మనిషి కావాలంటే యూనియన్‌నే అడిగేవారు. యూనియన్ పంపేవాళ్ళలో సభ్యుల కొడుకులు, అల్లుళ్ళు, బావమరుదులు ఎక్కువ. అవసరానికి మించి మనుషులుండేవారు. పని చేయని షిఫ్టులకు, లేని మనుషుల పేర్లకు జీతాలు తీసుకున్న ఉదంతాలూ ఉన్నాయి. వాటిని దాచి చరిత్ర రాస్తే ఎవరూ నమ్మరు. నేను సమర్థించను కూడా. లండన్ నిండా ఇతర దేశాల నుంచి వచ్చిన కార్మికులున్న రోజుల్లో కూడా ఆ ప్రెస్సుల్లో దాదాపు అందరూ తెల్లవాళ్ళే, కంపోజింగులో అందరూ మగవాళ్ళే.

యూనియన్లు ఒకదానితో ఒకటి కూడా కలవలేదు. 1964లో కంపోజిటర్ల సంఘాలు కలిసి ఎన్‌జీఏ అయ్యాయి. 1966లో నాట్సోపా, కాగితం, బైండింగు కార్మికుల యూనియన్ కలిసి సోగాట్ అయ్యాయి, కొన్నేళ్ళకే విడిపోయాయి, 1982లో మళ్ళీ కలిశాయి. ఎన్‌జీఏ వాళ్ళ జీతానికీ సోగాట్ వాళ్ళ జీతానికీ మధ్య తేడా తగ్గితే ఎన్‌జీఏకు కోపం. ఏ మీట ఎవరు నొక్కాలి అన్న దాని మీద పంచాయితీలు. 1978 డిసెంబరు నుంచి 1979 నవంబరు దాకా, దాదాపు ఏడాది పాటు టైమ్స్ పత్రిక మూతపడింది. కంప్యూటర్ మీద జర్నలిస్టు నేరుగా టైపు చేస్తే సరిపోతుందా, ఎన్‌జీఏ సభ్యుడు మళ్ళీ కొట్టాలా అన్నది ఆ గొడవలో ముఖ్యమైన ముడి. పత్రిక తిరిగి వచ్చింది, ముడి విడలేదు. విసిగిపోయిన యజమాని థామ్సన్ సంస్థ 1981లో పత్రికను రూపర్ట్ మర్డాక్‌కు అమ్మేసింది. నా ఉద్దేశంలో యూనియన్లు మంచి అవకాశం పోగొట్టుకున్నది అక్కడే. రెండోసారి టైపు చేసే పని ఎక్కువ కాలం నిలవదని అందరికీ తెలుసు. తమ చేతిలో బలం ఉండగానే దాన్ని వదులుకుని, బదులుగా అందరికీ ఉద్యోగ భద్రత, కొత్త పనుల్లో శిక్షణ రాయించుకోవాల్సింది. లైనోటైప్ నాడు వాళ్ళ తాతలు చేసింది అదే.

ఈలోగా చట్టం మారిపోయింది. థాచర్ ప్రభుత్వం 1980, 1982 చట్టాలతో ఒక సంస్థ కార్మికులకు మద్దతుగా వేరే సంస్థ దగ్గర పికెటింగ్ చేయడాన్ని, పని ఆపడాన్ని కట్టడి చేసింది. యూనియన్ నిధుల మీద దావా వేసే వీలు కల్పించింది. 1983లో వారింగ్టన్‌లో ఎడ్డీ షా పత్రికల దగ్గర ఎన్‌జీఏ గొడవకు దిగితే, కోర్టు వేసిన జరిమానాలు మొత్తం ఆరు లక్షల డెబ్భై అయిదు వేల పౌండ్లు.

మర్డాక్ అది చూసి నేర్చుకున్నాడు. తూర్పు లండన్‌లోని వాపింగ్‌లో అతని కొత్త ప్లాంటు, మనుషుల సంఖ్య మీద ఒప్పందం కుదరక ఊరికే ఉంది. లండన్ పోస్ట్ అనే కొత్త సాయంకాల పత్రిక కోసమని చెప్పి, అక్కడ ఏటెక్స్ కంప్యూటర్లు రహస్యంగా అమర్చారు. అవేమీ కొత్త వింతలు కావు, అమెరికా పత్రికల్లో డెబ్భైల నుంచి ఉన్నవే. ఎలక్ట్రీషియన్ల యూనియన్ ఈఈటీపీయూ సాయంతో సౌతాంప్టన్ నుంచి మనుషులను బస్సుల్లో తెచ్చి శిక్షణ ఇచ్చారు. పేపర్లు చేరవేసే పని రైళ్ళ నుంచి తీసేసి టీఎన్‌టీ అనే రవాణా సంస్థ లారీలకు ఇచ్చారు, ఎందుకంటే రైల్వే యూనియన్ వాళ్ళు ప్రింటర్లకు మద్దతుగా నిలబడతారు. సంస్థను చిన్న చిన్న కంపెనీలుగా విడగొట్టారు, ఒకదానిలో సమ్మెకు ఇంకొకదానిలో మద్దతు ఇస్తే చట్టవిరుద్ధం అయ్యేలా. కార్మికులను తక్కువ ఖర్చుతో వదిలించుకోవాలంటే వాళ్ళు సమ్మెలో ఉండగా తీసేయడమే మార్గమని న్యాయవాదులు 1985 డిసెంబరులో రాసిన లేఖ తరువాత బయటపడింది. సమ్మెలో ఉన్నవాళ్ళకు పరిహారం ఇవ్వక్కర్లేదు మరి.

ఇక సమ్మె చేయని షరతుకు, యాజమాన్యం ఎప్పుడంటే అప్పుడు ఎవరినంటే వాళ్ళను మార్చుకునే హక్కుకు ఒప్పుకోమని యూనియన్ల ముందు పెట్టారు. ఒప్పుకోలేదు. 1986 జనవరి 24న సమ్మె మొదలైంది. వెంటనే సుమారు 5,500 మందికి ఉద్యోగాలు పోయాయి. ఆ వారాంతంలోనే పత్రికలు వాపింగ్ నుంచి వెలువడ్డాయి. జర్నలిస్టులకు రెండు వేల పౌండ్లు ఎర చూపి, రాకపోతే ఉద్యోగం ఉండదన్నారు. చాలామంది వెళ్ళారు. వెళ్ళనివాళ్ళు కొందరున్నారు, ప్రింటర్లు ఏనాడూ తమను లెక్కచేయకపోయినా సరే వెళ్ళలేదు. ఈ మొత్తం కథలో నాకు అందరికంటే గొప్పగా కనిపించేవాళ్ళు వాళ్ళే.

ఇప్పుడు ఆ 5,500 మంది ఎవరో చూడండి. కంప్యూటర్ ఎసరు పెట్టింది కంపోజింగుకు. తీసేసినవాళ్ళలో కంపోజిటర్లు ఒక భాగమే. మిషన్లు నడిపేవాళ్ళు, కట్టలు కట్టి లారీలకు ఎత్తేవాళ్ళు, చిన్న ప్రకటనలు రాసుకునే ఆడ క్లర్కులు, లైబ్రరీ వాళ్ళు, ఊడ్చి తుడిచేవాళ్ళు వేల సంఖ్యలో ఉన్నారు. ఏ కంప్యూటర్ నేల తుడుస్తుంది? ఆ పనులన్నీ వాపింగ్‌లో కూడా ఉన్నాయి. వేరేవాళ్ళు చేశారు, తక్కువమంది చేశారు, ప్రింటర్ల యూనియన్ లేకుండా చేశారు. దీన్ని టెక్నాలజీ విజయం అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

సోగాట్‌కు అప్పుడు నాయకురాలు బ్రెండా డీన్. అంతకు ముందు ఏడాదే ఆ పదవిలోకి వచ్చింది, బ్రిటన్‌లో ఒక పెద్ద యూనియన్‌కు ప్రధాన కార్యదర్శి అయిన మొదటి మహిళ. ఆడపిల్లలను కీబోర్డు ముట్టనివ్వని పరిశ్రమలో యూనియన్ ఇల్లు కాలుతున్న సమయానికి తాళాలు ఒక స్త్రీ చేతికి వచ్చాయి. ఫిబ్రవరిలో కోర్టు సోగాట్ ఆస్తులన్నీ జప్తు చేసింది. యూనియన్ తన కార్లు, బ్యాంకు ఖాతా కూడా వాడుకోలేని పరిస్థితి. యాజమాన్యం ఇస్తానన్న పరిహారాన్ని సభ్యులు జూన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఓటు వేసి కాదన్నారు. వారం వారం వేలమంది గేటు ముందు చేరేవారు, గుర్రాల మీద పోలీసులు వచ్చేవారు. వెయ్యికి పైగా అరెస్టులు. 1987 జనవరిలో పేపర్లు తీసుకెళ్ళే లారీ కింద పడి ఒక 19 ఏళ్ళ కుర్రాడు చనిపోయాడు. ఆ ఫిబ్రవరి మొదటి వారంలో, ఇంకో కోర్టు కేసు మీద పడబోతుంటే, యూనియన్ సమ్మె విరమించింది. ఏడాది పైన నడిచిన ఆ సమ్మెలో పత్రిక ఒక్కరోజు కూడా పూర్తిగా ఆగలేదు.

ఎలక్ట్రీషియన్లు చేసింది ద్రోహమే. వాళ్ళ నాయకుడు ఎరిక్ హామండ్‌ను నేను వెనకేసుకు రాను. ట్రేడ్స్ యూనియన్ కాంగ్రెస్ కూడా ఆ పని మానేయమని తన సభ్య యూనియన్‌కు సూటిగా చెప్పలేకపోయింది. అయితే ప్రెస్సులో మిషన్లను బాగుచేస్తూనే బతికిన ఎలక్ట్రీషియన్‌కు ప్రింటర్ల కష్టం తన కష్టం అని ఎందుకు అనిపించలేదు? సౌతాంప్టన్‌లో పని లేక కూర్చున్న కుర్రాడికి ఫ్లీట్ స్ట్రీట్ తలుపు అంతకు ముందు ఎప్పుడైనా తెరుచుకుందా? ఎడిన్‌బరోలో ఆడపిల్లలను తేవడం యజమానికి ఎందుకు సులువైందో, వాపింగ్‌కు బస్సులు నింపడం కూడా అందుకే సులువైంది. ఆకలిగా ఉన్నవాణ్ణి సంఘం తనవాడు అనుకోకపోతే, యజమాని వాణ్ణి వెతికి తెచ్చుకుంటాడు.

1991లో ఎన్‌జీఏ, సోగాట్ చివరికి ఒకటయ్యాయి. ఒకటి కావాల్సిన సమయం దాటిపోయింది. అలా ఏర్పడ్డ కొత్త యూనియన్ 2004లో ఆమికస్ అనే పెద్ద యూనియన్‌లో, అది 2007లో యునైట్‌లో కలిసిపోయింది.

మన దగ్గరికి వస్తే, పత్రికల ఉద్యోగుల పని షరతులు, జీతాల కోసం 1955లో చేసిన చట్టం 2025లో కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చేదాకా ఉండేది. 1980లో వచ్చిన పాలేకర్ అవార్డు, అంటే పాలేకర్ ట్రైబ్యునల్ తీర్పు, జర్నలిస్టులతోపాటు ప్రెస్సు కార్మికులకూ జీతాలు నిర్ణయించింది. మజీఠియా వేజ్ బోర్డు సిఫారసు చేసిన వేతనాలను కేంద్రం 2011లో ప్రకటిస్తే, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. కానీ అప్పటికే చాలా చోట్ల కొత్తగా చేరేవాళ్ళను కాంట్రాక్టు మీద, వేరే కంపెనీ పేరు మీద తీసుకోవడం మామూలైపోయింది. ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని ఒకే పేజీ పెట్టే ఇద్దరిలో ఒకరికి వేజ్ బోర్డు జీతం, ఇంకొకరికి ఓనరు ఇచ్చినంత. 2017 జూన్‌లో సుప్రీంకోర్టు కాంట్రాక్టు ఉద్యోగులకు కూడా ఆ వేతనాలు వర్తిస్తాయని స్పష్టంగా చెప్పింది. తీర్పు వచ్చింది కానీ, దాన్ని పట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళ్ళే కాంట్రాక్టు ఉద్యోగి వెనక నిలబడడానికి పర్మినెంటు వాళ్ళ సంఘాలు ఎన్నిచోట్ల ముందుకొచ్చాయి? నాకు తెలిసిన ఒక పేజీ డిజైనర్ ఇలాగే అడగడానికి వెళ్తే, "నువ్వు మా రోల్స్‌లో లేవు కదమ్మా" అన్నాడట సంఘం పెద్దాయన. యజమాని అనాల్సిన మాట అది.

జాబ్ ప్రెస్సుల సంగతి అసలు ఎవరికీ పట్టదు. ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపుల్లో రాత్రంతా మేలుకునే కుర్రాళ్ళు, నోటుబుక్కుల సీజన్‌లో రోజుకూలికి ఫారాలు మడిచే ఆడవాళ్ళు, ఇంట్లో కూర్చుని పేజీకి ఇంత అని పుస్తకాలు టైపు చేసిపెట్టే అమ్మాయిలు, వీళ్ళందరూ అచ్చుపని వాళ్ళే. ఏ సంఘం సభ్యత్వ పుస్తకంలోనూ వీళ్ళ పేర్లు లేవు. ప్రెస్సు కార్మికుల కోసం ఎవరైనా కొత్తగా సంఘం పెట్టాలనుకుంటే, లేదా ఉన్నదాన్ని లేపాలనుకుంటే, మొదటి మీటింగుకు పిలవాల్సింది వీళ్ళను. సభ్యత్వ రుసుము వీళ్ళు కట్టగలిగినంతే పెట్టాలి. మీటింగు పెట్టే వేళ మడత పనికి వచ్చే ఆడవాళ్ళకు కుదిరే వేళ కావాలి. రేట్ల పట్టిక రాసేటప్పుడు ఫారం మడతకు ఇంత, టైపు పేజీకి ఇంత అన్నది మొదటి రెండు లైన్లలో ఉండాలి, ఆపరేటర్ల జీతాలు ఆ తరువాత.